పదో ఇంటి బొట్టు

కాదంటే మీరే చెప్పండి, చెయ్యి బిగబట్టుకొని కూర్చున్న ఆడమనిషికి బిగువు గాజు ఎక్కించడం ఎవరి వల్లవుతుంది? నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి ఎంత నొక్కినా బొటనవేలి ఎముక దగ్గర గాజు ఆగిపోతుంది. ఇంకాస్త తోస్తే చిట్లుతుంది, చెయ్యి తెగుతుంది, పండగపూట ఇంట్లో రక్తం కనబడుతుంది. ఆ ఇంట్లో ఇక గంప దించమనరు. అందుకే పెనుకొండ బాలమ్మ గాజు చేతికి తీసుకోగానే ఏదో ఒక సంగతి ఎత్తుకునేది. వినే మనిషి నోరు తెరుచుకొని తన చేతిని తానే మరిచిపోవాలి. నవ్వు పుట్టించేది చెబితే చెయ్యి కదులుతుంది, పనికిరాదు. ఏడుపు పుట్టించేదైతే కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లాక్కుంటారు. భయం పుట్టించేదే మంచిది. భయపడినప్పుడు గుండె బిగుసుకుంటుంది గానీ, అవతలి మనిషి పట్టుకున్న చెయ్యి మాత్రం పత్తిలా మెత్తబడుతుంది. అప్పుడు గాజు తనంతట తానే జారుతుంది. ఈ విద్య బాలమ్మకు వాళ్ళ అత్త నేర్పింది. చేతికి నూనె పూసి గాజులు తొడిగేవాళ్ళంటే ఆ ముసలామెకు లెక్కే లేదు.

బాలమ్మ కాపురం పెనుకొండలో. మొగుడు ఈరన్న. ఒకప్పుడు గంప మోసింది ఆయనే. కాలు వాచిపోయి మూలన పడ్డాక, ఇంట్లో కూర్చొని గాజుల్ని దారానికి గుచ్చి మలారాలు కట్టేవాడు, ఆమె గంప నెత్తికెత్తుకొని రైలెక్కేది. సోమవారం హిందూపురం, గురువారం ధర్మవరం. ఇద్దరు బిడ్డలు పుట్టి పురిట్లోనే పోయారు. తర్వాత మళ్ళీ పుట్టలేదు. అందుకో ఏమో, ఏ ఇంట్లో పసిపిల్ల కనబడినా అడక్కుండానే చిన్న నల్లగాజులు రెండు తొడిగి, దుడ్లు తీసుకునేది కాదు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళకు ఊరి సంగతులు తెలియాలంటే బాలమ్మే రావాలి. ధర్మవరంలో మగ్గాల వీధిలో విన్నది హిందూపురంలో చెప్పేది, హిందూపురం సంగతి పెనుకొండలో చెప్పేది. విన్నది విన్నట్టు చెప్పేదా అంటే, లేదు. ఎదుటి చెయ్యి ఎంత బిగువుగా ఉంటే అంత కలిపేది. ఉప్పు చాలకపోతే కూరలో ఇంకాస్త వేసినట్టు, అందులో తప్పుందని ఆమెకు ఏనాడూ తోచలేదు.

యాభైతొమ్మిదిలో, ఉగాది ముందర, ధర్మవరంలో శ్యామలమ్మ అని ఒక నేతగాడి భార్య ఒక మాట చెప్పింది. హిందూపురం దగ్గర ఏట్లో వంతెన కడుతుంటే స్తంభం ఒకటి కుంగిందట, కంట్రాక్టరు మేకను కోయించాడట. అంతే మాట. బాలమ్మ దాన్ని కొంగున కట్టుకొని సోమవారం హిందూపురంలో దిగింది.

అక్కడ రామలక్ష్మమ్మ ఇంట్లో గంప దించింది. రామలక్ష్మమ్మ సేద్యం ఉన్న ఇంటి పెద్దామె. కోడలు యల్లక్క, అయిదేళ్ళ మనవరాలు చౌడేశ్వరి. పెద్దామె చేతులు జొన్నరొట్టె తట్టి తట్టి బిరుసెక్కినవి. పైగా బిగువు గాజులే కావాలంటుంది, వదులు గాజులు వేసుకుంటే పనిమనిషిలా ఉంటుందట. బాలమ్మ స్తంభం కుంగిన సంగతి చెప్పింది, మేకను కోసిన సంగతి చెప్పింది. గాజు ఎముక దగ్గర ఆగింది.

"మేకేనా?" అంది రామలక్ష్మమ్మ, పెద్దగా పట్టించుకోకుండా. "మేక యాడైనా కోస్తారులే."

చెయ్యి ఇంకా రాయిలాగే ఉంది. బాలమ్మ గొంతు తగ్గించింది.

"మేకతో తీరలేదంట అక్కా. రక్తం సాల్లేదని మళ్ళా కుంగిందంట. పసిబిడ్డ కావాలంటాండాదంట ఏరు. యాడన్నా దొరికితే తెమ్మని మనుసుల్ని పంపినారంట."

రామలక్ష్మమ్మ చూపు వాకిట్లో ఆడుకుంటున్న మనవరాలి మీదికి పోయింది. చెయ్యి మెత్తబడింది. గాజు సర్రున జారి మణికట్టు మీద కూర్చుంది. మిగతావన్నీ అదే ఊపులో ఎక్కించేసి, చౌడేశ్వరికి రెండు నల్లగాజులు తొడిగి, గంప ఎత్తుకొని పక్కింటికి పోయింది బాలమ్మ. పక్కింట్లోనూ అదే చెప్పింది. బాగా పనిచేసిన మాట కదా.

ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకు హిందూపురానికి ఆదినారాయణ వచ్చాడు. కోస్తా వైపు కుర్రవాడు, కళ్ళజోడు, భుజానికి సంచి, సంచి నిండా అచ్చు కాగితాలు. ఏదో పత్రికవాళ్ళు పంపించారు. జనం ఏ వార్తలు వింటారు, ఎవరు చెబితే వింటారు, విన్నదాన్ని నమ్ముతారా లేదా, ఇవన్నీ ఇల్లిల్లూ తిరిగి అడిగి రాసుకోవడం అతని ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని ఊళ్ళో ఎవరికీ తెలియదు. మగవాళ్ళు సరదాగా జవాబు చెప్పారు. ఆడవాళ్ళు మాత్రం తలుపు సందులోంచి చూసి, "మగోళ్ళు లేరు, పో నాయనా," అని గడియ పెట్టుకున్నారు.

రైలు స్టేషను దగ్గర టీ హోటలు గోవిందప్పది. దిగాలుగా కూర్చున్న కుర్రవాణ్ణి చూసి ఆయనే దారి చూపించాడు.

"ఏమప్పా, ఈ ఊర్లో ఆడోళ్ళ దగ్గరికి పోవల్లంటే గాజులామె ఎనకాల పోవల్ల. పోలీసోడు పోయినా తలుపు తీయరు, బాలమ్మ పిలిస్తే తీస్తారు."

అలా కుదిరింది. రోజుకు ఇంత అని కూలీ ఇస్తానన్నాడు. అతను చెప్పిన పద్ధతి బాలమ్మకు వింతగా ఉండింది. వీధి మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ పోయి పదో ఇల్లు ఏదైతే అందులోనే అడగాలట. మళ్ళీ తొమ్మిది వదిలి పదోది.

"మిగతా ఇండ్లోళ్ళు ఏం పాపం చేసినారు నాయనా?"

"ఏం చేయలేదండీ. అందర్నీ అడగాలంటే ఏళ్ళు పడుతుంది. మండీలో బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు వేరుశనక్కాయలు తీసి చూస్తారు చూడండి, అలాగన్నమాట."

"అయితే ఈ ఇంటోళ్ళు నీ చేతికి దొరికిన కాయలా?"

"అంతేనండీ బాలమ్మగారూ," అని నవ్వాడు. గారు అన్నందుకు బాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మరీ నవ్వింది.

పదో ఇల్లు మళ్ళీ గుర్తుపట్టడానికి, ముందు రోజే వీధంతా తిరిగి, ఆ ఇళ్ళ వాకిలి పక్కన సుద్దముక్కతో అంకె వేసేవాడు. ఆ తెల్లటి బోడి అంకె బాలమ్మకు నచ్చలేదు. ముత్తైదువలు ఉన్న ఇల్లు, ముఖాన బొట్టు లేనట్టుగా ఆ రాత ఏమిటి? గంపలో పసుపు కుంకుమ ఎప్పుడూ ఉంటాయి. అంకె మీద పసుపు పూసి, మధ్యలో కుంకుమ బొట్టు పెట్టింది. పెడుతూ ఆ ఇంటివాళ్ళు చల్లగా ఉండాలని నోట్లో అనుకుంది కూడా. ఆదినారాయణ చూసి, "ఇప్పుడు బాగుందండీ," అన్నాడు. ఆ తర్వాత అతను అంకె వేయడం, ఆమె బొట్టు పెట్టడం.

మొదట్లో అంతా తమాషాగానే సాగింది. బాలమ్మ గంప దించి గాజులు తీస్తే, అతను గడప అవతల తల వంచుకొని కూర్చొని అడిగేవాడు.

"మీరు పేపరు చూస్తారా అండీ?"

"పొట్లం విప్పినప్పుడు చూస్తాం. బెల్లం అంటుకోనుంటాది, నాకి పారేస్తాం."

"రేడియో వింటారా?"

"పంచాయతీ ఆఫీసు కాడ సాయంత్రమైతే ఒర్లుతాది. యావూరి మాటలో ఏమో."

"మరి ఊళ్ళో సంగతులు మీకెవరు చెబుతారు?"

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని పకపక నవ్వారు. "ఇదో, ఈడ కూసున్నాది కదప్పా మా పేపరు."

"ఆమె చెప్పింది నమ్ముతారా?"

"చెయ్యి తీసి ఆమె చేతిలో పెట్టినాక, నమ్మకుండా ఎట్ల?"

అతను రాసుకున్నాడు. ఇల్లు తర్వాత ఇల్లు అదే జవాబు. బాలమ్మకు గంప బరువు తెలియలేదు ఆ రోజంతా. అచ్చు కాగితం మీద తన పేరు పడుతోంది మరి.

చివర ఒక ప్రశ్న ఉండేది. ఈ మధ్య మీరు విన్నవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఏది? ఎన్నికలంటారో, వానలంటారో, ధరలంటారో అని అతను కలం పట్టుకొని చూసేవాడు.

"వంతెన బిడ్డను అడుగుతాండాదంట," అంది మొదటి ఇంటామె.

బాలమ్మ నవ్వు ఆపుకోలేక గంపలోకి తల వంచింది. తన మాట తనకే తిరిగొచ్చింది, ఎవరో అరువిచ్చిన చీర కట్టుకొని ఎదురైనట్టు. తర్వాతి ఇంట్లో బిడ్డ ఇద్దరు బిడ్డలైంది. ఆ తర్వాతి వీధిలో, అమరాపురం వైపు ఒకణ్ణి అప్పుడే ఎత్తుకుపోయారని చెప్పారు. ఇది బాలమ్మ చెప్పలేదు. ఎవరు చెప్పారని అడిగితే, "అందురూ చెప్తాండారు, నువ్వే కదా మొదుట చెప్తివి," అన్నారు.

మర్నాడు ఇంకో వీధి. ఎత్తుకుపోయేవాడు కళ్ళజోడు పెట్టుకుంటాడట. ఆ మాట చెప్పిన ముసలామెకు చూపు సరిగా ఆనదు, ఎదురుగా ఉన్నవాడి ముఖం ఆమెకు కనబడలేదు. ఆదినారాయణ ముక్కు మీద జోడు సర్దుకొని, తల ఎత్తకుండా అదీ రాసుకున్నాడు. ఆ పక్క వీధిలో, వాడి దగ్గర సంచి ఉంటుందట, ఇంట్లో పిల్లలెంతమంది అని అడుగుతాడట. అతని కాగితంలో ఆ ప్రశ్న ఉండనే ఉంది. మొదటి ప్రశ్న అదే. ఆ ఇంటామె జవాబు చెప్పకుండా లోపలికి పోయి, పిల్లల్ని వంటింట్లో పెట్టి బయట గొళ్ళెం పెట్టుకొని వచ్చింది.

నవ్వడం ఎప్పుడు ఆగిపోయిందో బాలమ్మ గమనించలేదు. గాజులు అడగడం కూడా ఆగిపోయింది. చేతులు ముడుచుకొని కూర్చుంటున్నారు, చెయ్యి ఆమె చేతిలో పెట్టడం లేదు.

ఆ సాయంత్రం చివరి ఇల్లు నాగమ్మది. నాగమ్మ, బాలమ్మ ఒక ఈడువాళ్ళు, ఒక తమలపాకు చించుకొని తినేవాళ్ళు. చివరి ప్రశ్నకు నాగమ్మ గోడవైపు చూస్తూ జవాబు చెప్పింది.

"ఇంటికి గుర్తు పెట్టిపోతారంట. వాడు ఒగడే కాదంట. తోడు ఆడది గూడా ఉండాదంట. నెత్తిన గంప పెట్టుకోని వస్తాదంట."

ఆదినారాయణ రాసుకోవడం పూర్తిచేసి, కలం మూత పెట్టి, "చాలా థాంక్సండీ," అన్నాడు.

స్టేషను దారిలో బాలమ్మ అతని చొక్కా చెయ్యి పట్టుకొని ఆపింది.

"నాయనా, ఈడికి సాలు. ఈ పొద్దే రైలెక్కి పో."

"ఇంకొక్క వీధే ఉందండీ. అంకెలు కూడా వేసేశాం కదా. మధ్యలో వదిలేస్తే లెక్కంతా పాడైపోతుంది."

"వాళ్ళు చెప్పేది ఎవుర్ని గురించో నీకు అర్థమైతాండాదా?"

"అర్థమవుతోంది. మూఢనమ్మకం. అయినా వాళ్ళు ఏం నమ్ముతున్నారో రాసుకోవడమే నా పనండీ, కాదని చెప్పడం కాదు. చెబితే జవాబులు మారిపోతాయి."

మాట బాలమ్మ నాలుక చివరి దాకా వచ్చింది. బిడ్డ మాట నేనే పుట్టించినా నాయనా, రామలక్ష్మమ్మ చెయ్యి బిగువుగా ఉండిందని పుట్టించినా. అది చెబితే అతను రాసుకుంటాడు. రాసుకున్నది రేపు ఎవరి చేతిలో పడుతుందో. బాలమ్మ చెప్పేవన్నీ కట్టుకథలని తెలిస్తే గంప దించమనేది ఎవరు? వాచిన కాలుతో ఇంట్లో కూర్చున్న మనిషికి కూడెక్కడిది? ఆమె మాట మింగేసింది.

రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో పక్కన కూర్చున్న ముసలామె ఎవరితోనో చెబుతోంది. హిందూపురంలో ఇళ్ళకు పసుపు పూసి బొట్లు పెట్టి పోతున్నారట, కోసే ముందు మేకకు పెట్టినట్టు. బొట్టు పెట్టిన ఇంటి బిడ్డే కావాలట.

బాలమ్మ గంప మీద పెట్టుకున్న తన చేతిని చూసుకుంది. వేలి కొసన కుంకుమ ఇంకా అంటుకొని ఉంది. ఇన్నేళ్ళుగా జాతరల్లో మేకలకు ఎవరెవరో బొట్లు పెడుతుంటే చూస్తూనే ఉంది. అది దీనికి ముడిపడుతుందని ఎందుకు తట్టలేదో ఆమెకు అర్థం కాలేదు. పెనుకొండలో దిగేసరికి బంకులో కూడా అదే మాట నడుస్తోంది. ఆమె కంటే ముందే వచ్చి కూర్చుంది.

ఈరన్న అంతా విని, మలారం కట్టడం ఆపాడు.

"నీ కథే కదా, పోయి కాదని చెప్పు."

"చెప్తే ఇంగ ఎవురు నమ్ముతారు నన్ను?"

"నమ్మకుంటే మానిరి. కూలికి పోదువు."

"ఒగ దినం. రేపు పొద్దన్నే పోయి బొట్లు తుడిచేస్తా. వాడు సాయంత్రం రైలెక్కుతాడు. నాలుగు దినాలకి ఇంగోటి వస్తాది, ఇది మర్సిపోతారు."

ఈరన్న మళ్ళీ మలారం చేతికి తీసుకున్నాడు. అది కట్టడం అయ్యాక, "ఆ పిల్లోనికి పెండ్లయిందా?" అని అడిగాడు. బాలమ్మకు తెలియదు. ఇన్ని ఇళ్ళలో ఇన్ని ప్రశ్నలు అడిగిన మనిషిని ఆమె ఒక్కటీ అడగలేదు.

పొద్దున మొదటి బండికే హిందూపురంలో దిగి, నెత్తిన గంపతోనే తడిగుడ్డ తీసుకొని వీధిలోకి పోయింది. మొదటి బొట్టు తుడుస్తుంటే ఎదురింటి కిటికీ తెరుచుకుంది. రెండోది తుడుస్తుంటే ఎవరో పరిగెత్తుకుంటూ వెనక్కి పోయారు. పట్టపగలు గుర్తులు చెరిపేస్తున్న ఆడమనిషి. ఆ చెరపడం ఎలా కనబడుతుందో ఆమెకు మూడో గడప దగ్గర గాని తట్టలేదు.

అప్పుడే వీధి చివర అరుపులు వినిపించాయి. రామలక్ష్మమ్మ ఇల్లు.

లెక్కలో ఆ ఇల్లే పదోది పడింది. నిన్న బొట్టు పెట్టేటప్పుడు, దొరికిన కాయ మనవాళ్ళదేనని బాలమ్మ సంతోషపడింది కూడా. ఇప్పుడు గోడ మీద అంకె లేదు, పేడనీళ్ళు చల్లి కడిగేశారు, గుమ్మానికి వేపమండలు కట్టారు. ఆదినారాయణ ఆమె కోసం చూడకుండా పొద్దున్నే వచ్చి అరుగు మీద కాగితాలు పరుచుకున్నట్టుంది. ఇప్పుడు లేచి నిలబడ్డాడు, సంచి గుండెకు హత్తుకొని. చుట్టూ వీధి వీధంతా ఉంది. చౌడేశ్వరి కనబడడం లేదు. నాయనమ్మ పక్కలో పడుకున్న పిల్ల, తెల్లారేసరికి లేదు.

"సంచి తెరువురా," అంటున్నారెవరో.

"కాగితాలేనండీ. చూసుకోండి, కాగితాలే."

"యాడికి పంపిస్తివో చెప్పు. వంతెన కాడికేనా?"

బాలమ్మ గంప అక్కడే దించేసి, జనాన్ని తోసుకొని వెళ్ళి అరుగెక్కింది.

"రామలక్ష్మక్కా, నా మాట ఇను. ఆ బిడ్డ మాట నాది. ఎవురూ చెప్పలే నాకు. మేక మాటే నేను ఇనింది. నీ చెయ్యి బిగువుగా ఉండాదని, గాజు ఎక్కల్లని, బిడ్డ అని నేనే అంటి. ఆ బొట్టు గూడా నేనే పెడితి, శుభమని. ఈ పిల్లోనికి ఏం తెల్దు."

బాలమ్మ చెప్పిన ఏ మాటనూ ఆ వీధిలో అంతవరకు ఎవరూ కాదనలేదు. ఇది కూడా నమ్ముతారనే అనుకుంది ఆమె.

"అట్లయితే అమరాపురంలో పోయిన బిడ్డ?" అన్నాడు గోవిందప్ప. కుర్రవాణ్ణి ఆమె వెంట పంపింది తానే గనుక, ఇప్పుడు అందరికంటే ముందు నిలబడ్డాడు. "అదీ నువ్వే పుట్టిస్తివా? మడకశిర కాడ ఇద్దురు? అందురూ చెప్పేది అబద్ధమా, నువ్వు ఒగదానివి చెప్పేది నిజమా?"

"యా బిడ్డా పోలేదు గోవిందన్నా. అది అట్ల పెరిగిండాది."

"వాడు దినామూ దుడ్లు ఇస్తాండె కదా నీకు. నేను చూళ్ళేదా?"

"తెల్లారి నుంచి బొట్లు తుడుస్తాండాది, మా కండ్లతో చూస్తిమి," అంది వెనకనుంచి ఒకామె.

"దానికేం, కడుపున బిడ్డలుంటే కదా బాధ తెలిసేది."

ఆ మాట అన్నది ఎవరో బాలమ్మ తిరిగి చూడలేదు. ఆమె కళ్ళు యల్లక్క మీద ఉన్నాయి. పిల్ల తల్లి గుమ్మానికి ఆనుకొని నిలబడి ఉంది. అత్త గుండెలు బాదుకుంటోంది, చుట్టాలు ఏడుస్తున్నారు, తల్లి కళ్ళు మాత్రం పొడిగా ఉన్నాయి. బాలమ్మ పోయి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళలో అంత బిగుసుకున్న చేతిని ఆమె ఎప్పుడూ పట్టుకోలేదు. ఆ బిగువు దుఃఖానిది కాదు. దేన్నో దాచిపెట్టిన చెయ్యి అది.

"యల్లక్కా," అంది మెల్లగా, "బిడ్డ యాడుండాదో నీకు తెలుసు. చెప్పు తల్లీ. ఒగ మనిషి పానం."

యల్లక్క పెదవులు కదిలాయి. చూపు ఆదినారాయణ సంచి మీదికి, అతని కళ్ళజోడు మీదికి పోయింది. పెదవులు మళ్ళీ మూసుకున్నాయి. చెయ్యి విదిలించుకొని లోపలికి పోయింది.

మొదటి రాయి ఎవరు వేశారో ఆ ఊళ్ళో ఇప్పటికీ ఎవరూ చెప్పరు. కళ్ళజోడు పగిలింది. అతను ఒక చేత్తో ముఖం కప్పుకొని ఇంకో చేత్తో కాగితాలు ఏరుకోబోయాడు. వంగకుండా ఉంటే ఏమైనా పరిగెత్తేవాడేమో. బాలమ్మ అడ్డం పోబోయింది గానీ, నాగమ్మ వెనకనుంచి నడుం పట్టుకొని ఈడ్చుకుపోయి వీధి మలుపులోనే ఉన్న తన ఇంట్లో తోసి, గడియ వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

"గమ్మునుండు. నీ కోసం గూడా చూస్తాండారు."

"నువ్వన్నా నమ్ముతావా నాగమ్మా?"

నాగమ్మ గడియ ఇంకోసారి నొక్కి చూసింది. బయట గంప తిరగబడిన చప్పుడైంది. గాజులు పగిలాయని అనకూడదు, పెరిగాయి అనాలి. ఆ పూట వీధి పొడుగునా గాజులు పెరుగుతూనే ఉన్నాయి, ఆ చప్పుడు మధ్యలో మనిషి గొంతు ఒకటి, అండీ అండీ అంటూ, కాసేపటికి అదీ వినబడలేదు.

పోలీసులు వచ్చి అతన్ని బండి మీద వేసుకొని పోయారు. ఆస్పత్రిలో చూసి, రైల్లో బెంగళూరుకు పంపారట. బతికాడన్నవాళ్ళు ఉన్నారు, దారిలోనే పోయాడన్నవాళ్ళు ఉన్నారు. ఈరన్న అడిగిన ప్రశ్నకు జవాబు ఎవరికీ తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం చౌడేశ్వరి వచ్చింది, మేనమామ భుజం మీద కూర్చొని, బొరుగులు తింటూ. గోడ మీద బొట్టు చూసిన రోజే యల్లక్క తమ్ముడికి కబురుపెట్టి, తెల్లవారకముందే పిల్లను అతనితో పెనుకొండ పంపేసింది. అత్తకు చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు.

"నోటితో చెప్తే ఆడికే పోతాడేమోనని," అంది. "వాని ముందర ఊరి పేరు ఎట్ల చెప్పేది?"

ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. బాలమ్మ కూడా పట్టలేదు. ఆ చేతికి భయం నేర్పింది ఎవరో ఆమెకు తెలుసు.

బిడ్డ దొరికింది కదా, ఇక జనానికి బుద్ధొస్తుందని మీరనుకుంటారు. బాలమ్మా అలాగే అనుకుంది. వాళ్ళు అనుకున్నది వేరు. బొట్టు కడిగేశారు గనుక బిడ్డ దక్కింది. దొంగ దొరికాడు గనుక బిడ్డ దక్కింది. ఆపైన ఇంకోటి జరిగింది. ఆ ఎండాకాలంలోనే వంతెన స్తంభం లేచి నిలబడింది, మళ్ళీ కుంగలేదు. ఇంజనీరు పునాది లోతుగా తవ్వించాడని పనివాళ్ళు చెబితే ఎవరూ వినిపించుకోలేదు. ఏరు అడిగింది దానికి ముట్టిందని టీ హోటల్లో మెల్లగా చెప్పుకున్నారు. ఎవరి రక్తమో ఎవరూ పైకి అనలేదు.

బాలమ్మ మళ్ళీ గంప ఎత్తలేదు. పెనుకొండలో వేరుశనక్కాయలు ఒలిచే కూలికి పోయింది. కానీ సోమవారం వచ్చిందంటే హిందూపురం బండెక్కేది, ఉత్త చేతులతో. ఒక్కో ఇంటి ముందు నిలబడి, బిడ్డ మాట నాదమ్మా, నేను పుట్టించింది, అని చెప్పేది. కొందరు తలుపు వేసుకునేవాళ్ళు. కొందరు జాలిపడి మజ్జిగ ఇచ్చేవాళ్ళు, పాపం ఆ రోజునుంచి మతి చెడిందని. ఒకామె మాత్రం శ్రద్ధగా అంతా విని, "ఇట్ల చెప్పమని నిన్ను ఎవురు పంపిస్తాండారు?" అని అడిగింది. రామలక్ష్మమ్మ ఇంటికి ఆమె పోలేదని కాదు. పోయింది. పెద్దామె ఎదురొచ్చి, చేతికి ఉన్న బిగువు గాజుల్ని కొంగుతో కప్పుకొని, మనవరాలిని లోపలికి పంపి నిలబడింది. బాలమ్మ గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

ఏళ్ళు గడిచాయి. చెప్పిన ఇళ్ళకు మళ్ళీ చెప్పింది. ఒక్క ఇల్లు నమ్మినట్టు కూడా ఆమెకు తోచలేదు. ఈరన్న ఒకసారి విసుగొచ్చి, "నువ్వు నడుస్తాండావు, అది రైలెక్కి పోతాండాది," అన్నాడు. ఆమె అతని కాలికి వేడినీళ్ళ గుడ్డ చుట్టింది.

అరవై అయిదులో, వానలకు ముందు, పెనుకొండ స్టేషనులో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే బాలమ్మ చెవిన పడింది. చెన్నేకొత్తపల్లి దగ్గర రోడ్డు మీద కొత్త కల్వర్టు కడుతున్నారట. అదీ అడుగుతోందట. ఊళ్ళో దోమల మందు కొట్టేవాళ్ళు ఇంటింటికీ వచ్చి, తలుపుల మీద ఏవో అంకెలు రాసి పోతున్నారట, పిల్లలెంతమంది అని అడుగుతున్నారట. వాళ్ళలో ఒకడు చిన్నవాడట, కళ్ళజోడు ఉందట.

"హిందూపురంలో గాజులామె ఒగతి ఉండె కదా," అంది ఒకామె, "అట్లనే."

బాలమ్మ ఇంటికొచ్చి చీర తడిపి ఆరేసింది. మర్నాడు పొద్దున్నే చెన్నేకొత్తపల్లి బస్సు పట్టుకోవాలని ఈరన్నతో చెప్పింది. ఆడ నాకు తెలిసిన ఇల్లు ఒగటీ లేదు, మొదటి ఇంటి కాన్నుంచి మొదులుపెడతా, అంది. తెల్లవారేసరికి జ్వరం తగిలింది. రెండో రోజు లేచి కూర్చొని బస్సు ఎన్నింటికని అడిగింది. మూడో రోజు అడగడానికి ఆమె లేదు. ఆరేసిన చీర దండెం మీదే ఉంది. చెన్నేకొత్తపల్లికి పోయి చెప్పిరావాల్సిన మాట చెప్పకుండానే ఉండిపోయింది.